అందరి వెనకా నడిచిన పెదనాన్న

పెదనాన్న పోయారన్న కబురు నాకు హిందీలో వచ్చింది. "దీదీ, పాపా నహీఁ రహే" అన్నాడు ఫోన్లో తమ్ముడు, పెదనాన్న కొడుకు. ఆ మాట తెలుగులో అనడానికి వాడికి నోరు రాలేదో, ఎలా అనాలో తెలియలేదో నేను అడగలేదు. అప్పుడే ఆఫీసుకి వచ్చి బ్యాగు కుర్చీకి తగిలించాను. మళ్ళీ తీసి భుజాన వేసుకోవాలి, సెలవు రాసిచ్చి ఆటో పట్టుకోవాలి. ఏం చెయ్యాలో అంతా తెలుస్తూనే ఉంది, అయినా కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పొద్దున్న లేచి ఇద్దరికీ టీ పెట్టారట. పెద్దమ్మని లేపి, గ్లాసులు రెండూ బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారట. ఆమె ముఖం కడుక్కుని వచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది. కునుకు పట్టిందేమో అనుకుని ఆమె తన టీ తను తాగిందట. తర్వాత లేపబోయింది. "నాను టీ తాగీసినానమ్మీ" అని ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ అదొక్కటే చెప్పింది.

పెదనాన్న మా నాన్నకి అన్నగారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెదనాన్న గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి రాజ్‌కిశోర్ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో చాలామంది ఆయన్ని గార్డుగా ఎరగరు. చలికాలం ఆదివారాల్లో ప్యాసింజరు బండిలో పదిమందిని వెంటబెట్టుకుపోయి, చుట్టుపక్కల చేతిపనుల పల్లెలూ నదులూ చూపించే మనిషిగానే ఎరుగుదురు. బొగ్గు కంపెనీలకీ బ్యాంకులకీ ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు నంబరు తీసుకుని ఆయనకి ఫోన్ చేసేవారు.

ఆ పని ఎలా మొదలైందో ఆయనే చెప్పేవారు. గూడ్సు బండికి అన్నిటికన్నా వెనక ఉండే బ్రేక్‌వ్యాన్‌లో గార్డు ఒక్కడే కూర్చోవాలి. సిగ్నల్ ఇవ్వకపోతే బండి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతుంది. చాంపా చేరే ముందు హస్‌దేవ్ నది మీద వంతెన ఉంది. ఆ చుట్టుపక్కల ఎన్నిసార్లు ఆగి ఉంటారో లెక్కలేదు. వరదలో చూశారు, ఎండిపోయి ఇసుక తేలినప్పుడు చూశారు. అటువైపు ఇళ్ళ ముందు ఆడవాళ్ళు గోధుమరంగు దారం ఏదో ఆరేస్తుంటే, అదేమిటో అనుకునేవారు. దిగి అడిగే వీలు లేదు, జెండా ఊపి వెళ్ళిపోవాలి. రిటైరైన కొత్తలో ఒక పొద్దున్న ఎవరికీ చెప్పకుండా టికెట్ కొనుక్కుని చాంపా వెళ్ళి నదిలోకి దిగారు. సాయంత్రం మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటుతో ఇంటికి వచ్చారు. ఏటయిందని పెద్దమ్మ అడిగితే, "ఏం లేదు, దిగినాను" అన్నారట.

ఆ దారమేమిటో ఆ రోజే తెలుసుకున్నారు. అది కోసా పట్టు. అడవిలో పట్టుపురుగులు కట్టిన గూళ్ళు తెచ్చి, ఉడకబెట్టి, దారం తీసి, ఇంట్లోనే మగ్గం మీద నేస్తారు. తర్వాత రాయగఢ్ వైపు వెళ్ళి, మైనపు తీగ చుట్టి ఇత్తడి బొమ్మలు పోతపోసే పల్లె చూసి వచ్చారు. కట్నీ లైన్లో కర్గీ రోడ్ దగ్గర దిగి వెదురు బుట్టలు అల్లేవాళ్ళ ఇళ్ళు కనుక్కున్నారు. మొదట్లో ఒక్కరే వెళ్ళేవారు. తర్వాత కాలనీలో పాత స్నేహితులు, ఆ తర్వాత వాళ్ళ బంధువులు తోడయ్యారు. చివరికి అదొక టూరైపోయింది.

గైడంటే ముందు నడుస్తాడు కదా, పెదనాన్న అందరి వెనకా నడిచేవారు. అదేమిటంటే, "గార్డెప్పుడైనా ముందుంటాడేటమ్మీ?" అనేవారు. ముందున్నవాళ్ళు దారి తప్పి ఎవరి గొడ్లసావిట్లోకో దూరేవారు. ఈయన వెనకనుంచి అరవడం, వాళ్ళు తిరిగి రావడం, ఆ ఇంటివాళ్ళు నవ్వడం ప్రతిసారీ ఉండేదే. ఆయన చెప్పేవాటిలో తప్పులు కూడా ఉండేవి. నది కథ ఒకటి చెబుతుంటే పడవవాడు మధ్యలో కల్పించుకుని, అది ఈ నది కథ కాదు బాబూ, మహానదిది అనేవాడు. "అచ్ఛా, అలగా?" అని పెదనాన్న ఒప్పేసుకునేవారు. మళ్ళీ వారం అదే కథ అదే నదికి చెప్పేవారు.

నేను ఆ టూర్లలోకి రావడం ఇష్టంతో కాదు. మా అమ్మ పక్షవాతంతో మంచాన పడిన ఏళ్ళవి. పగలంతా ఆఫీసు, ఇంటికొస్తే అమ్మ. ఆదివారం ఒక్కపూట మా ఆయన అమ్మ దగ్గర కూర్చుని నన్ను పడుకోమనేవారు. సరిగ్గా ఆ పూటే పెదనాన్న ఫోన్ చేసేవారు. వచ్చినవాళ్ళలో కొందరు ఇంగ్లీషులో అడుగుతారు, పల్లెవాళ్ళు ఛత్తీస్‌గఢీలో జవాబు చెప్తారు, మధ్యలో మాట అందించడానికి మనిషి కావాలి. నాకు ఓపిక లేదు పెదనాన్నా, వారమంతా నిద్ర లేదు అని ఒకసారి గట్టిగానే చెప్పాను.

"అలిసిపోయినోళ్ళే రావాలమ్మీ. ఉషారుగున్నోళ్ళకి నదెందుకు?" అన్నారు.

వెళ్ళాను. బండిలో కిటికీకి తల ఆనించి చాంపా దాకా నిద్రపోయాను. ఆయన నన్ను లేపలేదు. ఆ తర్వాత చాలా ఆదివారాలు అలాగే వెళ్ళాను. ఇంట్లో మంచం మీద పట్టని నిద్ర ప్యాసింజరు బెంచీ మీద పట్టేది.

ఈ టూర్లన్నిటికీ తెల్లారకముందే లేచేది పెద్దమ్మ. పులిహోర కలిపేది, చపాతీలు కాల్చేది, బంగాళదుంప కూర వండి డబ్బాల్లో సర్దేది. ఆమె పులిహోర కోసమే మళ్ళీ వచ్చినవాళ్ళు ఉన్నారు. గుమ్మం దాకా వచ్చి సంచి నా చేతికిచ్చి, తలుపు వేసుకునేది. సాయంత్రం ఖాళీ డబ్బాలు తోముకునేది. ఆ రోజు చూసినవన్నీ పెదనాన్న ఆమెకి చెప్పేవారు. నది ఎంత ఉందో, నేతగాడు ఏ రంగు చీర మొదలుపెట్టాడో అన్నీ. ఆమె గిన్నెలు తోముతూ "ఊఁ" అనేది. నువ్వూ ఒకసారి రాకూడదా పెద్దమ్మా అని నేనెప్పుడూ అడగలేదు. ఆయన అడిగారో లేదో తెలియదు.

ఒక ఆదివారం మేం సంచులు తీసుకుంటుంటే, పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, కాళ్ళకి చెప్పులేసుకుని వచ్చి నిలబడింది.

"నానూ వస్తాను."

"ఎక్కడికి?" అన్నారు పెదనాన్న.

"మీరెల్లిన కాడికే."

ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. బండిలో ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి ప్రతి స్టేషనూ చూపించడం మొదలుపెట్టారు. ఆమె రెండు స్టేషన్లకే నిద్రలోకి జారింది. వంతెన వస్తోందనగా ఆయన ఉండబట్టలేక భుజం తట్టి లేపారు. "ఇదిగో, లే, హస్‌దేవ్" అన్నారు. ఆమె కళ్ళు తెరిచి చూసి, "నీళ్ళే కదా" అని మళ్ళీ మూసుకుంది. ఎదుటి బెంచీ మీద నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు.

చాంపాలో మేం ఎప్పుడూ వెళ్ళే ఇల్లు ఒక ముసలి నేతగాడిది. వీధి గదిలో మగ్గం ఉంటుంది. ఆయన పలక తొక్కుతూ నేస్తుంటే పెదనాన్న పక్కన నిలబడి పోగు ఎలా పడుతుందో, అంచు ఎలా తిరుగుతుందో చెప్పేవారు. జనం ఫోటోలు తీసుకునేవారు. ఆ రోజూ అలాగే జరుగుతోంది. పెద్దమ్మ మగ్గాన్ని ఓ చూపు చూసి లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. పెరట్లో నేతగాడి భార్య నేల మీద కూర్చుని ఉంది. పక్కన కుండలో ఉడికిన పట్టుగూళ్ళు. చీర తొడ దాకా పైకి తీసి, నాలుగైదు గూళ్ళ పోగులు కలిపి, తొడ మీద అరిచేత్తో రుద్దుతూ ఒక్క దారంగా పేనుతోంది. మమ్మల్ని చూసి చీర దించబోయి, ఆడవాళ్ళమే అని ఆగింది. "ఆవ బహినీ, బైఠ" అని పక్కన గోనెపట్టా జరిపింది. పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. ఏం మాట్లాడుకున్నారో నేను పూర్తిగా వినలేదు. ఎక్కువసేపు ఏమీ మాట్లాడుకోలేదు కూడా.

టైమైందని పెదనాన్న పెరటి గుమ్మం దాకా వచ్చారు. ఆవిడ చప్పున చీర దించుకుంది. జనం వీధిలో ఎదురుచూస్తున్నారు, ఇక్కణ్ణుంచి నదికి, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి వెళ్ళాలి.

"ఇంక లే. బండి టైమైపోద్ది" అన్నారు.

"మీరెల్లండి. నాను ఇక్కడే ఉంటాను."

"ఇక్కడేటుంది?"

పెద్దమ్మ ఆయన వైపు తిరగలేదు. కుండ వైపే చూస్తూ చెప్పింది. "నువ్వు డ్యూటీకెల్లినన్నాళ్ళూ నాను తలుపు తీసీదాన్ని, తలుపేసీదాన్ని. రిటైరైపోనావు, ఇంక ఇద్దరం ఇంటికాడ కూకుంటాం అనుకున్నాను. మళ్ళీ డబ్బాలే కట్టినాను. నాకు నదొద్దు. కాళ్ళు నొప్పులు. ఈవిడ కూకోమంది, కూకున్నాను. నన్నెవులూ అలగ కూకోమన్లేదు."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. పెదనాన్న కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. నావైపు చూశారు. వీధిలోంచి ఎవరో "అంకుల్, చలేఁ?" అని కేకేశారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళారు. ఆ రోజు నది ఒడ్డున ఆయన ఏ కథా చెప్పలేదు. అడిగినవాళ్ళకి, ఇది హస్‌దేవ్, అంతే అన్నారు.

సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి పెద్దమ్మ వాళ్ళింట్లో అన్నం, ఏదో ఆకుకూర తిని, చాప మీద పడుకుని లేచింది. నేతగాడి భార్య ఆమె మోకాళ్ళకి నూనె కాచి రాసిందట. బండిలో ఎప్పుడూ పెదనాన్న మాట్లాడేవారు. ఆ సాయంత్రం పెద్దమ్మ మాట్లాడింది, ఆయన విన్నారు. పక్కవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి, ఆవిడ తొడ మీద అరిచెయ్యంత మేర తోలు మొద్దుబారి కాయకాసి నల్లబడిపోయిందని చెప్పింది. చిన్నప్పట్నుంచీ రుద్దుతోందట. ఎండాకాలం చెమటకి మంట పుడుతుందట.

"ఇన్నాళ్ళూ మగ్గం కబుర్లే సెప్పినావు. ఈ సంగతి నీ నోట ఎప్పుడూ ఇన్లేదు" అంది.

"నాకు తెలీదు" అన్నారు పెదనాన్న.

తర్వాతి ఆదివారం టూరు లేదని అందరికీ చెప్పేశారు. ఆయన ఒక్కరే చాంపా వెళ్ళివచ్చారు. ఎందుకో నాకు తర్వాత చెప్పారు. పెరట్లోకి వెళ్ళి, ఆ పని చూస్తాను అని అడిగారట. ఆవిడ పని ఆపేసి, చీర సర్దుకుని, టీ పెట్టిందట. ఎంతసేపు కూర్చున్నా మళ్ళీ ఆ పని ముట్టుకోలేదట. "నాకు సూపించరమ్మీ. సూపించకూడదు కూడా" అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన ముఖం నిజంగా అలసిపోయినట్టు కనిపించింది. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి.

అప్పట్నుంచి టూరు మారిపోయింది. ఒక రోజుకి ఒక ఊరు, ఒక్క ఇల్లు అన్నారు. పులిహోర బంద్, ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకోవాలి. మోకాళ్ళు సహకరించిన రోజు పెద్దమ్మ వచ్చేది, ఆడవాళ్ళని తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. మగవాళ్ళు అరుగు మీద కూర్చోవాలి. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరు, మరి మాకేం చూపిస్తారండీ అని అడిగారు. "అరుగుంది సార్. చల్లగా ఉంటాది" అన్నారు పెదనాన్న. ఆ ఆఫీసరుకి కోపం వచ్చింది, మళ్ళీ రాలేదు. చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన అరుగు మీదే గోడకి చేరబడి నిద్రపోయి, సాయంత్రం లేచి, ఇన్నేళ్ళలో ఇలాంటి ఆదివారం లేదండీ అన్నారు. పెదనాన్న ఆ మాట చాలా రోజులు చెప్పుకున్నారు.

ఇంట్లో పొద్దున్న టీ పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. అది ఎక్కువ మరిగిపోయేది, చేదుగా ఉండేది. పెద్దమ్మ మానకుండా తాగేది, మానకుండా సణిగేది. వాళ్ళిద్దరి మధ్య పెద్ద మార్పేదో వచ్చిందని చెప్పను. ఆయన పక్కగదిలో రేడియో పెడితే ఆమె కట్టేసేది, మునుపటిలాగే. సాయంత్రాలు మాత్రం ఇద్దరూ వాకిట్లో కుర్చీలు వేసుకునేవారు. నేను ఆఫీసు నుంచి వస్తూ ఆగితే ఇంకో కుర్చీ వేసేవారు. అమ్మ పోయాక నేను ఎక్కువగా ఆగేదాన్ని. ఇంటికెళ్ళి చేసే పని లేక ఇంకా అలసటగా ఉండేది. ఏమిటలా ఉన్నావని ఎవరూ అడిగేవారు కాదు. ఆ ఇంటికి నేను ఎంత రుణపడ్డానో అదొక్కటి చాలు చెప్పడానికి.

పెదనాన్న పోయిన మర్నాటి నుంచి ఆయన ఫోన్ నా దగ్గర ఉంది. తమ్ముడు తన వల్ల కాదని ఇచ్చేశాడు. ఈ ఆదివారం బండి ఉందా అంకుల్ అని ఫోన్లు. ప్రతివాళ్ళకీ అదే మాట మళ్ళీ చెప్పాలి. కొందరు అయ్యో అని వెంటనే, మరి ఇక మీదట మీరు తీసుకెళ్తారా అని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఒకావిడ మాత్రం అది అడగలేదు. "మరి మీ పెద్దమ్మగారు?" అంది.

అస్థికలు ఎక్కడ కలపాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చింది. తమ్ముడు నెహ్రూ నగర్‌లో ఉంటాడు, బొగ్గు కంపెనీలో ఉద్యోగం, ఊపిరి సలపనంత పని. అమర్‌కంటక్ తీసుకెళ్దాం, నర్మదలో కలపడం మంచిదని పంతులుగారు కూడా అన్నారు, కారు మాట్లాడేశాను అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. తండ్రికి ఏ లోటూ చెయ్యకూడదని వాడి తపన. పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుని అంతా వింది.

"అమర్‌కంటక్ నన్ను మళ్ళీ ఎవులు తీసుకెల్తారు? కొండెక్కాల. చాంపా అయితే ప్యాసింజరెక్కి నానెల్లగల్ను" అంది.

ఆ రాత్రి తమ్ముడు పంతులుగారికీ కారువాడికీ ఫోన్ చేసి, చాంపాకే అని చెప్పేశాడు.

చాంపా మాత్రం కారులోనే వెళ్ళాం. నేతగాడూ భార్యా అప్పటికే ఒడ్డున నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో, నేను చెప్పలేదు. ఆవిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. నదిలో నీళ్ళు తగ్గిపోయి ఉన్నాయి. పాయ దాకా ఇసుకలో చాలా దూరం నడవాలి. పెద్దమ్మని ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను పట్టుకున్నాం. నాలుగడుగులకోసారి ఆగాం. తమ్ముడు కుండ పట్టుకుని ముందు వెళ్ళి, మేం ఇంకా రాలేదని వెనక్కి చూస్తూ నిలబడ్డాడు. పంతులుగారు మంత్రాలు చదివారు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. బూడిద వెంటనే పోలేదు, కాసేపు అక్కడక్కడే తిరిగి, తర్వాత మెల్లగా కదిలింది.

అంతా అయ్యాక పంతులుగారూ నేతగాడూ కారు వైపు నడిచారు. పెద్దమ్మ మాత్రం అక్కడే తడి ఇసుక మీద కూలబడింది. వెళ్దామమ్మా, ఎండెక్కుతోంది అన్నాడు తమ్ముడు. నేతగాడి భార్య ఆమె పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నా ఒంట్లో లేచే శక్తి లేదు, లేవాలనీ లేదు. తమ్ముడు ఫోన్ చూసుకున్నాడు, గట్టు మీద కారు వైపు చూశాడు. చివరికి ప్యాంటు మడతలు విప్పకుండానే మా వెనకాల ఇసుకలో కూర్చున్నాడు.

పాయకి కొంచెం పైన ఎవరో ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకున్నారు. ఒకామె రెండు చేతుల్లో రెండు బిందెలతో నదిలోకి దిగి, నింపుకుని, వంగి ఒక్కొక్క పాదులో పోస్తోంది. పోసిన నీళ్ళని ఇసుక అక్కడికక్కడే తాగేస్తోంది. ఖాళీ బిందెలతో ఆమె మళ్ళీ నది దాకా నడుస్తోంది, మళ్ళీ నింపుకుంటోంది. మావైపు ఒకసారి చూసింది, ఎవరో ఏమిటో అర్థమైనట్టు తల వంచుకుని తన పని తను చేసుకుంది. మేం నలుగురం ఆమెని చూస్తూ కూర్చున్నాం.